విద్యుత్ కారు వెల: ఒక చారిత్రక పరిశీలనము

రాయపురమునుండి విజయనగరము పోవు రైలుబండిలో ఏటేట స్వస్థలములకు పోయివచ్చు మన కుటుంబములకు ఆరంగు క్రొత్త పేరు కాదు. మందిర్ హసౌద్, లఖోలి దాటిన పిదప ఆరంగ్ మహానది స్టేషను వచ్చును. ఆపైన మహానది వంతెన. రోడ్డు దారిని పోవువారికి 53వ నంబరు జాతీయ రహదారిపై రాయపురమునుండి ఆరంగు సుమారు ముప్పదియారు కిలోమీటర్లు. శరభపురీయ రాజుల తామ్రశాసనములు లభించిన ప్రాచీన నగరమిది. ఇచ్చటి భాండ్ దేవల్ అను జైనాలయమును చూచుటకు శిల్పకళాభిమానులు నేటికిని వచ్చుచుందురు. మయూరధ్వజ మహారాజు రాజధాని ఇదియే యని స్థానికుల విశ్వాసము. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుని జైమిని భారతము నెరిగిన వారికి ఆ రాజు కథ తెలియును. అందు రాజు తన శరీరములో సగమును కోసి యిచ్చుటకు సిద్ధపడును. ఇచ్చటి జనుల కథలో కోతకు లోనైనవాడు కుమారుడు తామ్రధ్వజుడు. హిందీలో ‘ఆరా’ యనగా రంపము. ఆ రంపమునుండియే ఊరికి ఆ పేరు వచ్చినదని చెప్పుదురు.

ఈ వ్యాసమునకు ఆరంగు ముఖ్యముగా ఒక కొలబద్ద. ఒక ఆదివారము పిల్లలతో ఆరంగు పోయి, ఆలయములు చూచి, సాయంకాలమునకు ఇల్లు చేరవలెనన్న రానుపోను డెబ్బదిరెండు కిలోమీటర్లు. మోటారు వాహనము సామాన్య గృహస్థునకు అందుబాటులో నున్నదా లేదా యను ప్రశ్నను లక్షలలోను శాతములలోను చర్చించుటకంటె ఈ డెబ్బదిరెండు కిలోమీటర్లతో కొలచిన విషయము తేటపడును.

విద్యుత్ కారు మనబోటి నెలజీతగాండ్రకు అందునా యను ప్రశ్న ఇటీవల మన కార్యాలయములలో మధ్యాహ్న విరామ వేళల తరచుగా వినబడుచున్నది. “పెట్రోలు ఖర్చే లేదు కదండీ, కొనేయండి” యని ఒకరందురు. “బ్యాటరీ పోయిన నాడు ఎవరిస్తారండీ డబ్బు?” అని మరియొకరందురు. ఈ రెండు మాటలును నేడు పుట్టినవి కావు. నూట యిరువది సంవత్సరములకు పూర్వమే అమెరికాలో ఇవే మాటలు, ఇదే క్రమములో, చెప్పుకొనబడినవి. చరిత్ర విద్యార్థికి ఆసక్తి కలిగించునది ఇదియే.

పందొమ్మిదవ శతాబ్దాంతమున విద్యుత్ కారు వెనుకబడిన వాహనము కాదు. గంటకు నూరు కిలోమీటర్ల వేగమును మొట్టమొదట మించిన మోటారు వాహనము విద్యుత్తుతో నడచినదే. బెల్జియము దేశీయుడు కామీల్ జెనాట్జీ 1899 ఏప్రిలులో దానిని నడపెను. 1900లో అమెరికాలో తయారైన 4,192 కార్లలో ఆవిరితో నడచునవి 1,681, విద్యుత్తుతో నడచునవి 1,575 కాగా, పెట్రోలు కార్లు 936 మాత్రమే. ఆ దినములలోనే వియన్నాలో ఫెర్డినాండ్ పోర్షే పెట్రోలు యంత్రముచే విద్యుత్తును పుట్టించి, ఆ విద్యుత్తుతో చక్రములను త్రిప్పు కారును నిర్మించెను. నేడు మనము హైబ్రిడ్ అని పిలుచుచున్న వాహనమునకు అతడే మూలపురుషులలో ఒకడు. పెట్రోలు కారును చేతితో హ్యాండిలు త్రిప్పి బయలుదేరదీయవలసిన కాలమది. పొగ, మోత, నూనె మరకలు దాని సహజ లక్షణములు. విద్యుత్ కారునకు ఇవేవియు లేవు. కావుననే సంపన్న గృహిణులు దానిని మెచ్చిరి. పెట్రోలు కార్లతో లోకమును నింపిన హెన్రీ ఫోర్డు భార్య క్లారా స్వయముగా నడుపుకొనినది డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కంపెనీవారి కారు! గృహచ్ఛిద్రముగా దీనిని భావింపనక్కరలేదు. ఇంటి యిల్లాలికి ఏది సుఖమో ఆమెకు తెలియును.

అట్టి వాహనము ఎందుకు ఓడినది? 1912 నాటికి ఒక విద్యుత్ కారు 1,750 డాలర్లు, పెట్రోలు కారు 650 డాలర్లు. ఆ యేడే చార్లెస్ కెట్టరింగు కనిపెట్టిన విద్యుత్ స్టార్టరు కాడిలాక్ కారులో చేరి, హ్యాండిలు త్రిప్పు బాధను తప్పించెను. 1908లో 850 డాలర్లుగా నున్న ఫోర్డు ‘మోడల్ టీ’ వెల 1925 నాటికి 260 డాలర్లకు దిగెను. విద్యుత్ కారు వెల అట్లు దిగలేదు. ఇనుపరేకు, చక్రము, దీపము సామూహికోత్పత్తివలన చౌకయగును గాని, బ్యాటరీలోని సీసమును, దానిని తయారు చేయు శ్రమయును ఆ రీతిని చౌక కాలేదు. పైగా ఆ బ్యాటరీ కొలది సంవత్సరములకే మార్చవలసినది.

ఈ చిక్కును విప్పవలెనని ఆ కాలపు మహామేధావులే ప్రయత్నించిరి. థామస్ ఆల్వా ఎడిసన్ నికెలు, ఇనుములతో క్రొత్త బ్యాటరీని కల్పించి, మొదటి రకములో లోపములు బయటపడగా దానిని వెనుకకు తీసికొని, సంవత్సరముల తరబడి శ్రమించి 1910 ప్రాంతమున మెరుగైన రకమును విడుదల చేసెను. 1914లో ఫోర్డు, ఎడిసన్ మిత్రులిద్దరును కలిసి సామాన్యునకు అందు చౌక విద్యుత్ కారును తెత్తుమని లోకమునకు చాటిరి. చౌకగా కారు చేయుటలో ఫోర్డును మించినవాడు లేడు. బ్యాటరీ శాస్త్రమున ఎడిసన్‌ను మించినవాడు లేడు. అయినను ఆ కారు బజారునకు రాలేదు. ఆ యిద్దరి వలన కానిది ఇతరుల వలన అగునా యని తరువాతి తరమువారు నిరాశ చెందియుందురు.

ఇంతకంటె తక్కువగా వినబడిన ప్రయత్నము మరియొకటి కలదు; నా మట్టుకు అదియే మిక్కిలి ముఖ్యమైనది. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రమునందలి హార్ట్‌ఫోర్డు పట్టణపు విద్యుత్ కంపెనీవారు 1910 ప్రాంతమున ఒక ఏర్పాటు చేసిరి. దాని ప్రకారము వాహనము కొనువాడు బ్యాటరీ లేకుండనే వాహనమును కొనును. బ్యాటరీ కంపెనీ సొత్తు. కొన్నవాడు నెలకు కొంత స్థిరరుసుమును, నడచిన ప్రతి మైలునకు ఇంతయని అద్దెయును చెల్లించును. శక్తి తరిగిన బ్యాటరీకి మారుగా నిండినదానిని కంపెనీవారు పెట్టి పంపుదురు. ఈ ఏర్పాటు 1924 వరకు నడచినది. దానిక్రింద వాహనములు అరువది లక్షల మైళ్లకు మించి తిరిగినవి. ముఖ్యముగా సరకులు మోయు బండ్లవారు దీనిని వినియోగించుకొనిరి. ఇంటికొక కారు కొనువారికి ఇది చేరలేదు. పెట్రోలు చౌకయై, ఊరూర రోడ్లు పడి, దూరప్రయాణములు పెరుగుటతో ఆ ప్రయత్నము అంతరించెను.

మన దేశమున ఈ చర్చకు చాలకాలము తావే లేదు. అంబాసిడరు, ఫియట్టు కార్ల కాలమున కారు కొనదలచిన వానికి వెలతోబాటు వరుసయు ఆటంకమే. పేరు నమోదు చేసికొని సంవత్సరములు వేచియుండవలెను. 1983 డిసెంబరులో మారుతి 800 తొలి కారును 47,500 రూపాయలకు అప్పగించిరి. అది సామాన్యుని కారు అని పేరు వచ్చినది. అయితే 1986లో అమలైన నాలుగవ వేతన సంఘము నిర్ణయించిన కనిష్ఠ మూలవేతనము 750 రూపాయలు. మూడేండ్ల నాటి వెలనే తీసికొన్నను, ఆ వేతనమును పైసాయైన ఖర్చు పెట్టక అరువదిమూడు నెలలు కూడబెట్టవలెను. ఏడవ వేతన సంఘము 2016 నుండి నిర్ణయించిన కనిష్ఠము 18,000. దానితో ఎనిమిది లక్షల విద్యుత్ కారును కొలచిన నలువదినాలుగు నెలలు. నెల 44,900తో మొదలగు ఏడవ స్థాయి ఉద్యోగికి దాదాపు పదునెనిమిది నెలలు. ఈ లెక్క చూచి నేడు విద్యుత్ కారు నాటి మారుతికంటె చౌకయే కదా యనువారు కలరు. లెక్క సరియైనదే. కాని నాటి ఉద్యోగికి కారు లేకపోవుట లోటుగా తోచలేదు. పైగా అర్హులైన ఉద్యోగులకు ప్రభుత్వము మోటారు కారు అడ్వాన్సు ఇచ్చుచుండెను. ఆ అడ్వాన్సును ఏడవ వేతన సంఘపు సిఫారసుననుసరించి 2016 అక్టోబరులో రద్దు చేసిరి. విద్యుత్ వాహనము కొనుటకు తీసికొన్న అప్పు మీది వడ్డీలో లక్షన్నర వరకు ఆదాయపు పన్ను మినహాయింపు 2019 ఏప్రిలునుండి ఇచ్చిరి గాని, అదియును 2023 మార్చి ఆఖరులోగా మంజూరైన అప్పులకు మాత్రమే పరిమితము.

మన దేశమున విద్యుత్ కారును నిజముగా వీథిలోనికి తెచ్చినది బెంగుళూరు రేవా కంపెనీ. 2001లో వెలువడిన ఆ చిన్నకారులో పెద్దవారిద్దరు, వెనుక పిల్లలిద్దరు పట్టుదురు. సీసపు బ్యాటరీలు, ఒకమారు నింపిన ఎనుబది కిలోమీటర్లు పోవునని చెప్పిరి. మన కొలబద్దతో చూడుడు: ఆరంగు పోయి తిరిగి రాయపురము చేరునప్పటికి ఎనిమిది కిలోమీటర్లే మిగులును. దారిలో ఎవరినైన ఇంటివద్ద దింపవలసివచ్చిన గృహస్థు గుండె దడదడలాడును! లండను నగరమున ఆ కారునకు మంచి ఆదరణ లభించినది. రద్దీ పన్ను మినహాయింపు, వాహనము నిలుపుటలో రాయితీలు అచ్చట తోడ్పడినవి. మన దేశమున ఇంచుమించు అదే వెలకు నలుగురు పెద్దలు సుఖముగా కూర్చుండి ఏ ఊరికైన పోగల మారుతి దొరకుచుండగా రేవాను ఎవరు కొందురు? 2010లో మహీంద్రా సంస్థ ఆ కంపెనీలో అధిక వాటాను తీసికొని, 2013లో లిథియము బ్యాటరీతో ‘ఈ2ఓ’ అను కారును తెచ్చినది. మరుసటి యేడు వారు బ్యాటరీని వెలనుండి విడదీసి, కారు వెలను ఐదు లక్షలకు దించి, బ్యాటరీకి నెలకు సుమారు 2,600 రూపాయల రుసుము పెట్టిరి. హార్ట్‌ఫోర్డు వారి ఉపాయమే శతాబ్దము తరువాత మరల తల ఎత్తినదన్న మాట.

ప్రభుత్వమును తానే కొనుగోలుదారుగా ముందుకు వచ్చినది. 2017లో ఈ.ఈ.ఎస్.ఎల్. సంస్థ కార్యాలయముల వినియోగమునకు పదివేల విద్యుత్ కార్లకు టెండరు పిలువగా, టాటా వారి టిగోర్ పన్నుతో కలిపి ఒక్కొక్కటి 11.2 లక్షలకు వచ్చినది. ఒకేమారు పదివేలు కొందుమన్నను అంతకు దిగువకు రాలేదనుట గమనింపదగినది. ఒకమారు నింపిన ఎంత దూరము పోవునోయన్న సంశయమువలన ఆ కార్లు అనుకొన్నంత త్వరగా రోడ్డెక్కలేదు.

ఇక వెల దిగుటకు నిజమైన కారణము ప్రయోగశాలలో నుండి వచ్చినది. లిథియము బ్యాటరీకి పునాదులు వేసిన విట్టింగ్‌హాం, గుడెనఫ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానము లభించెను. సోనీ సంస్థ 1991లోనే దానిని బజారులో పెట్టినది. కాని అది కెమెరాలకు, టెలిఫోనులకు సరిపోవు పరిమాణము. కారునకు సరిపడు బ్యాటరీ 2010లో ఒక్కొక్క యూనిట్ నిలువకు వేయి డాలర్లకు పైబడి పలికినది. 2024 నాటికి ప్రపంచ సగటు 115 డాలర్లకు వచ్చినది. ఇరువదినాలుగు యూనిట్లు పట్టు చిన్నకారు బ్యాటరీ నాడు ఇరువదినాలుగు వేల డాలర్లు దాటియుండగా, ఇప్పుడు మూడువేలకు లోపే. 2022 సెప్టెంబరులో టాటా టియాగో విద్యుత్ కారు 8.49 లక్షల ప్రారంభ వెలతో వచ్చుటకు ఇదియే మూలము. మన తెలుగునాట మహబూబ్‌నగర్ వద్ద దివిటిపల్లిలో అమరరాజా సంస్థవారు లిథియము బ్యాటరీల కర్మాగారమునకు 2023 మేలో శంకుస్థాపన చేసిరి.

పన్నుల సంగతి కొంచెము చెప్పవలెను. విద్యుత్ వాహనముపై జి.ఎస్.టి. 2019 ఆగస్టునుండి 5 శాతమే. హైబ్రిడ్ కారునకు ఆ కరుణ లేదు. 2017నుండి పెద్ద హైబ్రిడ్ కార్లపై సెస్సుతో కలిపి 43 శాతము పడెను. 2025 సెప్టెంబరు 22నుండి 40 శాతము. లీటరునకు ఇరువదియేడు కిలోమీటర్ల పైగా పోవునని ధ్రువపరచబడిన హైబ్రిడ్ కార్లు 2022లో టొయోటా, మారుతి సంస్థలనుండి వచ్చినను వాటి వెల పదిహేను లక్షలనుండి మొదలైనది. 2008లో హోండా తెచ్చిన మొదటి హైబ్రిడ్ ఇరువది లక్షలు దాటినది కదా యని సంతసింపవలెనేమో. రెండు యంత్రములు మోయు కారు ఒక యంత్రపు కారుకంటె ప్రియముగా నుండుట సహజమే గాని, దూరాభారము పోవు మధ్యతరగతి కుటుంబమునకు, రాయపురమునుండి విశాఖకు పోదలచిన వానికి, నిజముగా పనికివచ్చు వాహనము అదియే యని నా అభిప్రాయము. దానిపై విలాసవస్తువుతో సమానముగా పన్ను వేయుట న్యాయముగా తోచదు. ఇక కేంద్రప్రభుత్వ ప్రోత్సాహక ధనము 2019 నాటి ఫేమ్ రెండవ దశలో బాడుగ కార్లకే గాని సొంతకార్లకు వర్తింపలేదు. 2024 అక్టోబరులో మొదలైన పి.ఎం. ఈ-డ్రైవ్ పథకములో కార్లకు తావే లేదు. రాష్ట్రములు తమ తమ రీతులను పోయినవి. ఛత్తీస్‌గఢ్ 2022లో విద్యుత్ వాహన విధానమును ప్రకటించినది. తెలంగాణ 2024 నవంబరులో రోడ్డు పన్నును, నమోదు రుసుమును పూర్తిగా మినహాయించి, 2026 డిసెంబరు ఆఖరువరకు గడువు పెట్టినది. బదిలీలకు లోబడిన మనకు 2021లో వచ్చిన ‘బి.హెచ్.’ వరుస నంబరులో విద్యుత్ కారుపై పన్ను శాతములో రెండు తక్కువ. ఈ సంగతి మనవారిలో చాలమందికి తెలియదు.

ఇప్పుడు ఆరంగు లెక్క వేయుదము. లీటరు నూరు రూపాయలు, లీటరునకు పదునెనిమిది కిలోమీటర్లు అనుకొన్న పెట్రోలు చిన్నకారునకు రానుపోను నాలుగు వందలు. యూనిట్ ఎనిమిది రూపాయలు, యూనిట్‌కు ఎనిమిది కిలోమీటర్లు అనుకొన్న విద్యుత్ కారునకు డెబ్బదిరెండు. మిగులు 328 రూపాయలు. పెట్రోలు టియాగోకును, విద్యుత్ టియాగోకును వెలలో భేదము 2025 సెప్టెంబరులో చిన్న పెట్రోలు కార్లపై పన్ను 18 శాతమునకు తగ్గిన పిదప మూడు లక్షలకు పైబడినది. మూడు లక్షలే అనుకొన్నను, ఆ భేదము తీరుటకు తొమ్మిది వందల పదునైదు ఆరంగు యాత్రలు చేయవలెను. ప్రతిదినము పోయివచ్చు టాక్సీవానికి మూడేండ్లలోపు పని. వారమునకొకమారు పోవు గృహస్థునకు పదిహేడేండ్లు దాటును. బ్యాటరీకి కంపెనీలు సాధారణముగా ఇచ్చు పూచీ ఎనిమిది సంవత్సరములే.

విద్యుత్ వాహనము మొట్టమొదట అందినది సామాన్యులలోని సామాన్యునకే యనుట ఈ లెక్కతో బోధపడును. ఆఫీసునకు బస్సులో పోయి ఆదివారము మాత్రము కారు తీయు ఉద్యోగికంటె ముందుగా ఈ-రిక్షా నడుపు పేదవాడు దానిని కొన్నాడు. 2015లో చట్టమును సవరించి దానికి గుర్తింపు నిచ్చునాటికే అది వీథులలో తిరుగుచుండెను. ప్రొద్దున బయలుదేరి రాత్రివరకు తిరుగు బండిలో ప్రతి కిలోమీటరును బ్యాటరీ వెలను కొంత కొంతగా తీర్చును. నూరేండ్ల క్రిందట హార్ట్‌ఫోర్డులో బ్యాటరీ అద్దె పద్ధతి సరకుల బండ్లకు నచ్చుటకును ఇదియే హేతువు.

2024 సెప్టెంబరులో ఎం.జి. సంస్థవారు తమ చిన్నకారు కామెట్‌ను బ్యాటరీ లేని వెల 4.99 లక్షలకు, బ్యాటరీ అద్దె కిలోమీటరునకు రెండున్నర రూపాయలకు ఇవ్వజూపిరి. ఆరంగు యాత్రకు అద్దె 180, విద్యుత్తు 72, మొత్తము 252. పెట్రోలు నాలుగువందలకంటె తక్కువయే. మూడు లక్షలు ముందుగా గుమ్మరించవలసిన పని లేదు. అయితే ఈ పద్ధతిలో కొన్ని ఋణసంస్థలు నెలకు ఇన్ని కిలోమీటర్లని కనీసము నిర్ణయించినవి. కారు కదలకున్నను ఆ సొమ్ము కట్టవలెను. నెలకు రెండుమారులు ఆరంగునకును, నాలుగుమారులు అంగడికిని పోవువాడు పత్రముపై సంతకము చేయుటకు ముందు ఆ షరతును చదువుట మంచిది. మరియొకటి: ప్రభుత్వ క్వార్టర్లలో నాలుగవ అంతస్తున నివసించువాడు రాత్రివేళ కారును ఎచ్చట నింపుకొనవలెను? క్రింద ప్లగ్గు పెట్టుటకు అనుమతి ఎవరిది, ఆ మీటరు ఎవరి పేరిట, అతడు బదిలీయైన పిదప దాని గతి యేమి యను విషయములు తేలనిదే, బ్యాటరీ వెల ఎంత దిగినను అతని కారు క్రిందనే నిలిచియుండును.